ప్రింటులో పేజీ తెగితే: కుదించాలా, క్యూ సరిచేయాలా, ఫైలు మార్చాలా?

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుట, విష్ణునివాసం పక్కనున్న సందుల్లో ఒకదానిలో మా జిరాక్స్ కొట్టు. రెండు కంప్యూటర్లు, రెండూ విండోస్ కాదు, లినక్సు సిస్టంతో నడిచేవే. ఒక లేజర్ ప్రింటరు, ఒక ఇంక్ ట్యాంకు ప్రింటరు, మూలన దుప్పటి కప్పుకుని పడుకున్న ఒక డాట్ మ్యాట్రిక్స్. తెల్లవారుజామున షట్టరు ఎత్తగానే దర్శనం టిక్కెట్ల వాళ్లు వస్తారు. పది దాటాక విద్యార్థులు. మధ్యాహ్నం నుంచి దస్తావేజులు, అడంగల్ కాపీలు.

ఒకరోజు ఇంకా చీకటి ఉండగానే వచ్చిన ఒక పెద్దావిడకు కాగితం తీసి ఇస్తే, కళ్లద్దాలు సవరించుకుని, "నాయనా, కింద వరుస సగమే ఉందే" అన్నారు. నిజమే. ఆఖరి వరుసలో తలకట్లు ఉన్నాయి, ఒత్తులు లేవు. ఎవరైనా చేసేదే నేనూ చేశాను. ప్రింటు డైలాగులో పేజీని కాగితానికి సరిపెట్టే ఆప్షను ఎంచి మళ్లీ తీశాను. వరుస వచ్చింది, ఆవిడ కొండ బస్సు ఎక్కడానికి వెళ్లిపోయారు. ఆప్షను మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం ఇంజినీరింగు చదివే ఒక కుర్రాడు డ్రాయింగు తీయించుకుని వెళ్లాడు. పావుగంటలో వెనక్కి వచ్చి, నోటితో ఏమీ అనకుండా, కాగితం బల్ల మీద పరిచి గీత మీద స్కేలు పెట్టాడు. 100 మిల్లీమీటర్లు ఉండాల్సిన గీత 91 ఉంది.

డబ్బులు తీసుకోకుండా మళ్లీ తీసి ఇచ్చాను కానీ, ఆ 91 అంకె నన్ను వదల్లేదు. పేజీని కుదిస్తే కాస్త తగ్గుతుందని తెలుసు, అయితే తొమ్మిది శాతం ఎందుకు తగ్గాలి? ఆ లెక్క తేలాకే పొద్దుటి పెద్దావిడ కాగితం ఎందుకు తెగిందో కూడా అర్థమైంది. తెగిన పేజీకి వాడుకలో నాలుగైదు మందులు ఉన్నాయి. ఏది ఎవరికి వేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొలత తప్పిన చోటే సరిచేయాలన్నది నా పక్షం. డైలాగులో కుదించడం నొప్పి మాత్ర లాంటిది. ఆ పూటకు పనికొస్తుంది, జబ్బు అక్కడే ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్ల పేర్లను నేను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్లో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టుకోండి.

తెగిన చోటే సగం చెబుతుంది

ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. అమెరికాలో వాడే లెటర్ కాగితం వెడల్పు 215.9, పొడవు 279.4. ఎ4 కన్నా కాస్త బొద్దు, కాస్త పొట్టి. లీగల్‌కు వెడల్పు లెటర్‌దే, పొడవు 355.6. మన ప్రింట్లలో జరిగే తెగుళ్లలో చాలావరకు ఈ ముగ్గురి మధ్య తగవులే.

పొడవులో మూడు వరుసల మేర పోయిందంటే ఎ4 పేజీని ఎవరో లెటర్ అనుకున్నారు. తేడా 17.6 మిల్లీమీటర్లు, పన్నెండు పాయింట్ల అక్షరాలతో దాదాపు మూడు వరుసలు. అది పైన పోతుందా, కింద పోతుందా, రెండు వైపులా సగం సగం పోతుందా అన్నది ప్రోగ్రాము, ప్రింటరుతో మాట్లాడే డ్రైవరు పేజీని ఏ మూల నుంచి పరిచాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఒకే ఫైలు ఒక కంప్యూటరులో తల తెగి, ఇంకొకదానిలో కాళ్లు తెగి వస్తుంది. పదకొండు, పన్నెండు వరుసలు పోతే అది లీగల్ ఫైలు ఎ4 మీద పడినట్టు. నాలుగు అంచుల్లోనూ సన్నగా పోతే సైజుల తగవు కాదు, ప్రింటరు యంత్రం చేరలేని అంచు అది. కుడివైపు మాత్రమే పోతే పట్టికో, వెబ్ పేజీయో కాగితం కన్నా వెడల్పుగా ఉంది. పేజీలో ఒక పెద్ద ముక్కే మాయమైతే అడ్డపేజీని నిలువు కాగితం మీద తీశారు. ఈ ఆఖరిది చూడగానే తెలిసిపోతుంది, డైలాగులో దిశ మార్చితే తీరిపోతుంది, దాని గురించి ఇక మాట్లాడను.

కంటితో తేలకపోతే ఫైలునే అడగాలి. పీడీఎఫ్‌ఇన్ఫో అనే చిన్న పనిముట్టు పాప్లర్ యుటిల్స్ ప్యాకేజీతో వస్తుంది. ఫైలు పేరు ఇస్తే పేజీ సైజు పాయింట్లలో (అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు) చెబుతుంది. 595, 842 దగ్గర ఉంటే ఎ4. 612, 792 అయితే లెటర్. 612, 1008 అయితే లీగల్. పేజీలు రకరకాల సైజుల్లో ఉన్నాయని అనుమానం వస్తే మొదటి పేజీ, చివరి పేజీ నంబర్లు కూడా ఇవ్వండి, ఒక్కొక్క పేజీ సైజూ వరుసగా చెబుతుంది. ఫోనుతో స్కాన్ చేసి అతికించిన ఫైళ్లకు ఈ పరీక్ష తప్పదు. వాటిలో మొదటి పేజీ ఎ4గా ఉండి, మూడోది చాప అంత పెద్దదిగా ఉన్నవి నేను ఎన్నో చూశాను.

ఫైలు ఎ4 అని తేలితే తప్పు క్యూలోనో (ఆ ప్రింటరుకు పంపే పనులనూ, దాని అమరికలనూ సిస్టం ఉంచుకునే చోటు), ట్రేలోనో ఉంది. ఎల్‌పీఆప్షన్స్ కమాండుకు ప్రింటరు పేరు చెప్పి, ఆప్షన్ల జాబితా అడిగితే, పేజీ సైజు వరుసలో ఒక పేరు ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. అదే ఆ క్యూ డిఫాల్టు. మా కొట్టులో ఆ నక్షత్రం లెటర్ ముందు మెరుస్తోంది. ట్రేలో ఉన్నది ఎ4.

ఇప్పుడు 91 లెక్క చూడండి. మా లేజర్ ప్రింటరు ప్రతి అంచులో నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు వదిలేస్తుంది. లెటర్ పొడవు 279.4లోంచి పైనా కిందా కలిపి 8.4 తీసేస్తే 271. ఎ4 పొడవు 297ను 271లో ఇరికించాలంటే 91 శాతానికి కుదించాలి. క్యూ ఎ4గా ఉండి ఉంటే వెడల్పే అడ్డం వచ్చేది, గీత 96 దగ్గర ఆగేది. అంటే స్కేలుతో కొలిచిన ఒక్క గీత, క్యూలో ఏ కాగితం రాసి ఉందో చెప్పేసింది. మీ దగ్గరా ఈ పరీక్ష చేసుకోవచ్చు. లిబ్రెఆఫీస్ డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఎ4 పేజీ తెరిచి, అంచుకు ఐదు మిల్లీమీటర్ల లోపల ఒక చట్రం, మధ్యలో 100 మిల్లీమీటర్ల గీత గీసి దాచుకోండి. కొత్త ప్రింటరు వచ్చినా, సిస్టం మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా మొదట తీయాల్సిన కాగితం అదే.

డైలాగులో కుదించడం

త్వరగా అయ్యే పని ఇదే. కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నప్పుడు నేనూ ఇదే చేస్తాను. అయితే ఇందులోనూ రెండు రకాలు ఉన్నాయి, వాటిని ఒకటిగా చూడకూడదు. పీడీఎఫ్‌లు తెరిచే ఎవిన్స్‌లో పేజీ స్కేలింగ్ దగ్గర 'ష్రింక్' అన్నది పేజీ పెద్దదైతేనే కుదిస్తుంది, చిన్నదైతే దాని జోలికి పోదు. 'ఫిట్' అన్నది చిన్నదాన్ని పెద్దది కూడా చేస్తుంది. పాస్‌పోర్టు ఫొటో అంత రశీదును ఫిట్‌లో తీస్తే గోడ పత్రికలా వస్తుంది. కనుక రెండింటిలో నా ఓటు ష్రింక్‌కే. అలాంటిదే ఇంకో ప్రోగ్రాము ఓక్యులర్‌లో ముద్రణ పరిధికి సరిపెట్టడం, పూర్తి పేజీకి సరిపెట్టడం, అసలు సైజులోనే తీయడం అని మూడు ఉంటాయి. రెండోది ప్రింటరు చేరలేని అంచును లెక్కచేయదు, అంచుల్లో మళ్లీ తెగుతుంది. టెర్మినల్ నుంచి పంపేవాళ్లు ఎల్‌పీ కమాండుకు ప్రింట్‌స్కేలింగ్ ఆప్షను ఇవ్వవచ్చు. పాత సిస్టంలలో దీనికి ఫిట్‌టుపేజ్ అన్న పేరే పనిచేస్తుంది. రెండు పేర్లలోనూ మాటల మధ్య అడ్డగీతలు ఉంటాయి.

ఎవరికి మంచిది? దర్శనం టిక్కెట్టు, బస్సు టిక్కెట్టు, హాల్ టిక్కెట్టు, కరెంటు బిల్లు. వీటిలో నాలుగు శాతం తగ్గితే ఎవరికీ పట్టింపు లేదు. క్యూఆర్ కోడు కూడా కాస్త చిన్నదైతే యంత్రం చదువుతుంది. దాని చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచు తెగితేనే చదవదు. కోడులోని చిన్న గడి ఒకటి ఎంత ఉంటే దానికి నాలుగింతల ఖాళీ నాలుగు వైపులా ఉండాలన్నది నియమం. కాబట్టి కోడు పేజీ అంచుకు ఆనుకుని ఉంటే కుదించడానికి సంకోచించవద్దు.

ఎవరికి కూడదు? కొలత ముఖ్యమైన ప్రతిదానికీ. డ్రాయింగులు, కుట్టు నమూనాలు, లేబుల్ షీట్లు, గళ్లు ముందే అచ్చయిన ఫారాల మీద నింపేవి. వీటికి స్కేలింగు వద్దని చెప్పి 100 శాతంలోనే తీయాలి. అంచు తెగుతుంటే పెద్ద కాగితం వాడాలి తప్ప పేజీని తగ్గించకూడదు. ఎ4 నిండా గీసిన డ్రాయింగును ఎ3 కాగితం మీద తీసి కత్తిరించడం కాస్త ఖర్చే. కానీ కాలేజీలో మార్కులు పోవడం కన్నా నయం.

క్యూను సరిచేయడం

ప్రతి ఫైలూ తెగుతుంటే, అదీ ఒకే తీరుగా తెగుతుంటే, ఇదే సరైన మందు. మనవాళ్లలో చాలామంది సిస్టం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాష దగ్గర అమెరికా ఇంగ్లిషును అలవాటుగా నొక్కేస్తారు. నేనూ అంతే. ఆ ఎంపికతో పాటు కాగితం కొలత కూడా అమెరికాదే వస్తుంది. భాష, ప్రాంతం అమరికల్లో కాగితానికి విడిగా ఒక విభాగం ఉంటుంది. అమెరికా ఇంగ్లిషుకు అది 279, 216 అని, భారత ఇంగ్లిషుకూ తెలుగుకూ 297, 210 అని ఉంటుంది. తర్వాత ప్రింటరు జోడించినప్పుడు దాన్ని చూసి క్యూ లెటర్‌గా పుడుతుంది. పెద్దావిడ కాగితంలో ఒత్తులు కోసింది, వెనక్కి వెళ్లి చూస్తే, ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన రోజు నేను నొక్కిన ఒక బటను.

సరిచేయడానికి రెండు దారులు ఉన్నాయి. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ పోర్టు 631 తెరిస్తే కప్స్ పేజీ వస్తుంది. సిస్టంలో ప్రింటు పనులన్నీ చూసే ప్రోగ్రాము పేరే కప్స్. ప్రింటరు పేరు మీద నొక్కి, డిఫాల్టు ఆప్షన్లలో కాగితం సైజును ఎ4 చేసి భద్రపరచడం ఒక దారి. ఎల్‌పీఆప్షన్స్ కమాండుతో మీడియాను ఎ4 అని చెప్పడం ఇంకొకటి. మొదటిదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రెండో దారిలో ఒక గుంట ఉంది. మామూలు యూజరుగా ఆ కమాండు కొడితే అది ఆ యూజరుకు మాత్రమే వర్తిస్తుంది. హోం ఫోల్డరులో కప్స్ పేరుతో దాగిన ఫోల్డరులో రాసుకుంటుంది. రూటుగా, అంటే సర్వాధికారాలున్న యూజరుగా కొడితే అందరికీ వర్తించేలా, సిస్టం అమరికలు ఉండే ఎట్సీ ఫోల్డరు కింద రాస్తుంది. రెండూ ఉంటే యూజరుదే నెగ్గుతుంది. "నేను ఎ4 పెట్టాను, అయినా లెటరే వస్తోంది" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఎప్పుడో తాము రాసుకున్న పాత చీటీయే అడ్డం పడుతోంది. మిగిలిన వాళ్లకు ప్రోగ్రాము పోయినసారి వాడిన సైజును తనలో దాచుకుని ఉంటుంది. ప్రింటరు మీదున్న తెరలో ట్రే కాగితం ఏమని ఉందో కూడా ఒకసారి చూడండి. అక్కడ లెటర్ అని ఉంటే కంప్యూటరు ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

మాక్ వాడేవాళ్లకూ ఈ క్యూ మాటలు చాలావరకు చెల్లుతాయి. కప్స్‌ను మైకేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టారు, 1999లో విడుదలైంది. 2002 నుంచి యాపిల్ తన మాక్ సిస్టంలోనూ దాన్నే వాడుతోంది.

ఫైలునే మార్చడం

ఫైలు మీదే అయితే మూలంలో మార్చడం ఒక్కటే నేను సలహా ఇస్తాను. లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఫార్మాట్ మెనూ కింద పేజీ స్టైల్ తెరిచి కాగితాన్ని ఎ4 చేయండి. వరుసలు మళ్లీ సర్దుకుంటాయి, అక్షరాల సైజు తగ్గదు. ఎస్వీ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థులు లేటెక్ అనే అక్షరాలు పేర్చే ప్రోగ్రాములో రాసిన థీసిస్‌లు తెస్తుంటారు. లేటెక్ మామూలు క్లాసులకు (పత్రం రూపం చెప్పే నమూనాలకు) ఏమీ చెప్పకపోతే లెటర్ కాగితం అనుకునే పేరాలు పేరుస్తాయి. బయటికి వచ్చే పీడీఎఫ్ మాత్రం ఎ4గా ఉండవచ్చు. పీడీఎఫ్‌ఇన్ఫో ఎ4 అంటుంది, మార్జిన్లు మాత్రం వంకరగా కనిపిస్తాయి. క్లాసు ఆప్షన్లలో ఎ4పేపర్ అని ఒక్క మాట చేర్చితే సరిపోతుంది. థీసిస్‌ను ఎన్నడూ డైలాగులో కుదించి తీయించుకోకండి. బైండింగు కోసం ఎడమవైపు వదిలిన జాగా కూడా కుదించుకుపోతుంది. కుట్టిన తర్వాత ఆ లోపలి అక్షరాలు చదవాలంటే పుస్తకం వెన్ను విరవాలి.

తెలుగు ఫైళ్లకు ఇంకో తెగులు ఉంది. పేజీ తెగినట్టు కనిపిస్తుంది కానీ తెగేది వరుస. రైటర్‌లో వరుసల ఎడాన్ని 'ఫిక్స్‌డ్' అని పెట్టి, ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే అంకె ఇస్తే, ఒత్తుల అడుగుభాగం తెగుతుంది. పేజీ మధ్యలో కూడా ఒత్తులు పోతుంటే ప్రింటరును తిట్టకండి. ఎడాన్ని 'ప్రపోర్షనల్' చేయండి. అలాగే ఫైలు రాసిన ఫాంటు మీ సిస్టంలో లేక దాని బదులు నోటో ఫాంటు పడితే వరుసల ఎత్తు పెరిగి, చివరి రెండు వరుసలు తర్వాతి పేజీకి జారుతాయి. పీడీఎఫ్‌గా చేసి పంపమని అడగడం ఇందుకే.

ఫైలు ఇంకొకరిదై, పీడీఎఫ్ తప్ప ఏమీ లేకపోతే? సైజు మార్చిన ఇంకో పీడీఎఫ్ తయారుచేయాలి. దానికి మూడు పనిముట్లు వాడి చూశాను. పీడీఎఫ్‌టుకైరో పాప్లర్ యుటిల్స్‌లోనే ఉంటుంది కాబట్టి కొత్తగా దించుకోవాల్సింది ఏమీ లేదు. బయటికి పీడీఎఫ్ కావాలని, కాగితం ఎ4 అని చెబితే పెద్ద పేజీలను తనంతట తాను కుదిస్తుంది. చిన్నవాటిని పెద్దవి చేయమని విడిగా అడిగితేనే చేస్తుంది. గోస్ట్‌స్క్రిప్ట్‌తోనూ ఇదే పని అవుతుంది. కాగితం ఎ4 అని, అది మారకూడదని, పేజీని అందులో ఇమడ్చాలని మూడు మాటలు విడివిడిగా చెప్పాలి. పీడీఎఫ్‌జామ్ వాడటానికి తేలిక. కానీ దాని వెనక లేటెక్ అంతా కావాలి. లేటెక్ ఇప్పటికే ఉన్నవాళ్లకు అదే హాయి, లేనివాళ్లు దానికోసం అంత సరంజామా దించుకోవడం దండగ. మా కొట్టులో రోజూ వాడేది పీడీఎఫ్‌టుకైరోనే. అది ఎత్తలేని చెడ్డ ఫైలు వస్తే గోస్ట్‌స్క్రిప్ట్ దగ్గరికి వెళతాను.

ఈ మూడింటిలో దేనితో చేసినా పుట్టేది కొత్త ఫైలు. అసలు ఫైలులో డిజిటల్ సంతకం ఉంటే కొత్తదానిలో అది చెల్లదు. ధ్రువపత్రాల లాంటివి అయితే కుదించిన ఫైలును ప్రింటుకు మాత్రమే వాడి, అసలుదాన్ని ముట్టకుండా ఉంచండి.

దస్తావేజుల సంగతి వేరు. లీగల్ పేజీని ఎ4లో ఇరికిస్తే 83 శాతానికి తగ్గుతుంది. పన్నెండు పాయింట్ల అక్షరం పది పాయింట్లకు దిగుతుంది. చదవడానికి ఫరవాలేదు, ఇంట్లో ఉంచుకునే నకలుకు చాలు. సంతకాలు పెట్టబోయే అసలు ప్రతికి మాత్రం కుదించవద్దు. లీగల్ కాగితమే ట్రేలో పెట్టి, క్యూలో ఆ ఒక్క పనికే లీగల్ ఎంచండి. కోర్టు కాగితాల విషయంలో సుప్రీంకోర్టు 2020లోనే ఎ4కు మారింది కాబట్టి, ఏ కార్యాలయానికి ఏ సైజు కావాలో వాళ్లను అడిగాకే ప్రింటు తీయించుకోవడం మంచిది.

వెడల్పు పట్టికలు

అడంగల్‌ను బ్రౌజరు నుంచి తీస్తే కుడివైపు గడులు పోవడం రోజూ చూసేదే. మొదట అడ్డపేజీ చేయండి. చాలకపోతే ఫైర్‌ఫాక్స్‌లో పేజీ వెడల్పుకు సరిపెట్టే ఆప్షను, క్రోమియంలో స్కేలు శాతం తగ్గించడం. రెండింటిలో ఫైర్‌ఫాక్స్‌ది సుఖం, ఎంత తగ్గించాలో అదే లెక్క వేసుకుంటుంది.

లిబ్రెఆఫీస్ క్యాల్క్‌లో అయితే పేజీ స్టైల్‌లో షీట్ అన్న ట్యాబు తెరిచి, ముద్రణ పరిధిని వెడల్పుకు ఎత్తుకు సరిపెట్టే స్కేలింగు ఎంచి, వెడల్పు 1 అని రాసి, ఎత్తు ఖాళీగా వదలండి. ఎత్తు దగ్గర కూడా 1 రాస్తే 300 వరుసల జీతాల పట్టిక ఒక్క పేజీలో చీమల బారులా వస్తుంది. ఎంతవరకు కుదించవచ్చు అని అడిగితే, ఇంగ్లిషు అంకెలు ఆరు పాయింట్ల దాకా చదవగలం, తెలుగు ఎనిమిది కన్నా దిగితే ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అంతకన్నా దిగాల్సి వస్తే రెండు పేజీలకు పంచడమే మేలు. అప్పుడు పేర్లున్న మొదటి నిలువు వరుస రెండో పేజీలోనూ మళ్లీ వచ్చేలా ముద్రణ పరిధుల దగ్గర చెప్పుకోండి.

డ్రైవరు మార్చాలా?

అన్నీ ఎ4గానే ఉండి, అంచుల్లో మాత్రం తెగుతుంటే డ్రైవరు దాకా రావాలి. లేజర్ ప్రింటర్లు అంచుదాకా పొడి వేయవు, వేస్తే అది లోపలి రోలర్లకు అంటుకుంటుంది. ఇంకు ప్రింటర్లలో కాగితం చివర రోలరు పట్టు వదిలేస్తుంది కాబట్టి అడుగున కాస్త ఎక్కువ వదిలే రకాలు ఉన్నాయి. ఆ ఖాళీ ఎంత అన్నది డ్రైవరుకు తెలియాలి. పాత పద్ధతిలో పీపీడీ అనే ఫైలులో ఎవరో రాసి ఉంచిన అంకెలే ఆధారం. దగ్గరి మోడల్‌ది తెచ్చి పెట్టుకుంటే ఆ అంకెలు మీ యంత్రానివి కావు. డ్రైవరు అవసరం లేని కొత్త పద్ధతిలో సిస్టం నేరుగా ప్రింటరునే దాని మార్జిన్లు అడిగి తెలుసుకుంటుంది. గత పదేళ్లలో కొన్న వైఫై ప్రింటరు అయితే పాత క్యూ తీసేసి ఈ పద్ధతిలో మళ్లీ జోడించండి. అంచుల తెగులు చాలావరకు అక్కడే పోతుంది. పాత యూఎస్‌బీ ప్రింటరు అయితే కచ్చితంగా ఆ మోడల్‌దే అయిన పీపీడీ వెతకడం తప్ప దారి లేదు.

'రా' క్యూ అని మూడోది ఉంది. అందులో సిస్టం ఫైలును ముట్టకుండా ప్రింటరుకు చేరవేస్తుంది. కుదించమన్నా, ఎ4 అన్నా అది వినదు. మధ్యలో వినేవాళ్లే ఉండరు. ఏ ఆప్షను పెట్టినా ఏమీ మారడం లేదంటే మీ క్యూ రా అయి ఉండవచ్చు.

మా డాట్ మ్యాట్రిక్స్‌కు ఉన్నది ఆ రా క్యూనే. దాన్ని వెతుక్కుంటూ చిత్తూరు నుంచి ఒక మామిడి వ్యాపారి వస్తారు. ఆయన లెక్కల ప్రోగ్రాము ఏ కాలం నాటిదో, వరుసకు 132 అక్షరాల చొప్పున ఉత్త టెక్స్టు ఫైలు ఇస్తుంది. పోయిన సీజనులో రిబ్బను ఆరిపోయి, ఆయన ఫైలును లేజర్ మీద తీయాల్సి వచ్చింది. కప్స్ మామూలుగా అంగుళానికి పది అక్షరాలు వేస్తుంది, ఎ4 వెడల్పు 8.27 అంగుళాలు. ఆ వెడల్పులో పట్టని అక్షరాలన్నీ కింది వరుసకు మడిచింది. తూకం ఒక చోట, ధర ఒక చోట. "ఇది లెక్కలా లేదు, ముగ్గులా ఉంది" అన్నారాయన.

టెక్స్టుకు అంగుళానికి ఎన్ని అక్షరాలు, ఎన్ని వరుసలు అన్నది ఎల్‌పీ కమాండుకే చెప్పవచ్చు. ఆ ఆప్షన్ల పేర్లు సీపీఐ, ఎల్‌పీఐ. సీపీఐ 17 చేస్తే 132 అక్షరాలకు 7.76 అంగుళాలు పడుతుంది. రెండు వైపులా పావు అంగుళం మార్జిను పోగా ఎ4లో మిగిలేది 7.77. వెంట్రుకవాసిలో పడుతుంది. డ్రైవరు మార్జిను ఏమాత్రం ఎక్కువైనా పట్టదు. ఎల్‌పీఐ 8 పెడితే పేజీకి 85 వరుసలు వస్తాయి. రెండో దారి అడ్డపేజీ చేసి సీపీఐ 12, ఎల్‌పీఐ 6. అక్షరాలు పెద్దవి, 132కు పదకొండు అంగుళాలు చాలు, పేజీకి 43 వరుసలు. తెలుగు టెక్స్టు అయితే ఈ రెండు దారులూ వద్దు. అక్షరాలు సరిగా అమరాలంటే ప్యాప్స్ అనే పనిముట్టుతోనో, రైటర్‌లో తెరిచి పీడీఎఫ్ చేసో తీయాలి. ఆయన ఫైలులో ఉన్నవి ఇంగ్లిషు పేర్లు, అంకెలే.

రెండు నమూనాలూ తీసి ముందు పెట్టాను. మొదటిదాన్ని చేయి చాచినంత దూరం పట్టుకుని చూసి పక్కన పడేశారు. అడ్డపేజీ నచ్చింది, కానీ 400 వరుసలకు పది కాగితాలు అవుతాయంటే మొహం ముడిచి, రెండు వైపులా వేయమన్నారు. అడ్డపేజీలకు రెండు వైపులా వేసేటప్పుడు కాగితాన్ని పొట్టి అంచు మీద తిప్పే ఆప్షను ఎంచాలి. నేను అలవాటుగా పొడవు అంచు ఎంచాను, వెనక పేజీలన్నీ తలకిందులుగా వచ్చాయి. నేను మళ్లీ తీసేలోపు ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ, పెన్సిలుతో సగం లెక్క సరిచూసేశారు. రెండోసారి తీసిన ఐదు కాగితాలను మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే సీజనుకైనా రిబ్బను తెప్పించమని చెప్పి వెళ్లారు.